వంగ పచ్చగా ఉండగానే వడలిపోతోంది, సూడోమోనాస్ వేస్తే ఆగుతుందా?

ప్రశ్న: నమస్తే అండీ, మాది ఆనందపురం దగ్గర. అరెకరం వంగ వేశాం, పూత మొదలైందో లేదో మొక్కలు పచ్చగా ఉండగానే ఎండపొద్దుకి తలలు వాల్చేస్తున్నాయి, నాలుగైదు రోజుల్లో చచ్చిపోతున్నాయి. షాపతను సూడోమోనాస్ అని మొక్కకి మేలుచేసే బ్యాక్టీరియా పొడి ఇచ్చి కాపర్ మందుతో కలిపి పోసేయమన్నాడు. పోయమంటారా?

జవాబు: ఆగండమ్మా, ముందొక పని చెయ్యండి. ఇవాళే వాడిన మొక్కని పీకి, మొదలు దగ్గర కాండం బెత్తెడు ముక్క కోసి, గాజు గ్లాసులో తేట నీళ్ళు పోసి ముక్క చివర మునిగేలా కదలకుండా పట్టుకోండి. ఐదు నిమిషాల్లో కోసిన చోటునుంచి పాలచారలాగా తెల్లగా కిందికి జారిందంటే అది రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియాతో వచ్చే వడలు తెగులు. ఏమీ జారకపోతే శిలీంధ్రం (బూజు జాతి) వల్ల వచ్చే ఎండు తెగులో, వేరుకుళ్ళో అయ్యుండొచ్చు, అప్పుడు మొక్కని రైతు సేవా కేంద్రానికి పట్టుకెళ్ళి చూపించండి.

పాలచార కనబడితే మాత్రం ఆ మొక్క ఇంక బతకదమ్మా, సూడోమోనాస్ పోసినా బతకదు. ఇలా చెప్పాలంటే నాకూ బాధగానే ఉంది. వేరు మట్టితో సహా గోనెసంచిలో వేసి బయటికి తీసుకెళ్ళి కాల్చెయ్యండి, గట్టు మీద పడెయ్యొద్దు, ఆ వరస నీళ్ళు పక్క వరసకి పారనివ్వొద్దు, ఈ తెగులు నీళ్ళతో కూడా పాకుతుంది.

సూడోమోనాస్ మంచిదే, కానీ ముందే పడాలి. అది వేరు చుట్టూ కాపురం పెట్టేసి, మట్టిలో ఇనుమంతా తనే లాగేసుకుని తెగులు క్రిములకి దక్కనివ్వదు, వాటిని అణిచే పదార్థాలు వదుల్తుంది, మొక్కకి కూడా తట్టుకునే శక్తి పెంచుతుంది. ఇదంతా జరగాలంటే టైం కావాలి కదా, అందుకే నారు దగ్గరే మొదలెట్టాలి: కేజీ విత్తనానికి 10 గ్రాములు పట్టించండి, నాటేముందు లీటరు నీళ్ళకి 10 గ్రాములు కలిపి నారు వేర్లు అరగంట ముంచండి. ఇప్పుడు బాగున్న మొక్కలకైతే మీ అరెకరానికి అరకేజీ పొడి పది కేజీల మాగిన పశువుల ఎరువులో కలిపి, సాయంత్రం పూట, తడి ఉన్నప్పుడు మొదళ్ళలో వెయ్యండి. కొంత కాపాడుతుంది, పూర్తిగా ఆపుతుందని నేను చెప్పను.

కాపర్‌తో కలపడం మాత్రం అస్సలొద్దు! అది బ్యాక్టీరియాని చంపే మందు, మన బ్యాక్టీరియాని విడిచిపెడుతుందా? స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు, బ్లీచింగ్ పౌడర్ కూడా అంతే, వీటిల్లో ఏదైనా పోసుంటే సూడోమోనాస్ వెయ్యడానికి పది పదిహేను రోజులు ఆగండి. ప్యాకెట్ మీద తయారైన తేదీ చూసి కొనండి, ఈ పొడి నాలుగు నెలలు దాటితే బలం తగ్గిపోతుంది, రేకుల కింద వేడెక్కిన ప్యాకెట్ అసలు తీసుకోవద్దు. వచ్చే పంటకి ఆ మడిలో వంగ, టమాటా, మిరప పెట్టకుండా మొక్కజొన్న వేసుకోండి.

ప్రశ్న: మధురవాడలో మేడ మీద కుండీల్లో టమాటా పెంచుతున్నాం. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కదా, ఈ బ్యాక్టీరియా బతుకుతుందా?

జవాబు: బకెట్‌లో పట్టి మూత పెట్టకుండా రాత్రంతా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుందండీ, మర్నాడు సాయంత్రం ఆ నీళ్ళలో కలిపి పోయండి. మేడ మీద వేడికి సూడోమోనాస్ కంటే బాసిల్లస్ సబ్టిలిస్ అనే ఇంకో మేలుచేసే బ్యాక్టీరియా నయం, గింజలాంటి గట్టి పెంకు కట్టుకుని ఎండకి తట్టుకుంటుంది. కుండీ మట్టి మీద మాత్రం ఎండుటాకులు కప్పి ఉంచండి.