ఎడారిలో పక్షుల్ని చూడాలంటే

ప్రశ్న: డిసెంబరులో పిల్లలతో జైసల్మేర్ వెళ్తున్నాం. పక్షుల్ని చూడటానికి ఎలాంటి బైనాక్యులర్స్ కొనాలి? ఏ వేళకు బయల్దేరాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: 8×42 (8 రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం వెడల్పు 42 మి.మీ.) తీసుకోండి. 10 రెట్లు పెద్దగా చూపించేదానిలో చేతి వణుకు కూడా పెద్దదవుతుంది, పిల్లలకు పిట్ట దొరకదు. అక్కడ ఆ నెలలో మన విశాఖ కంటే దాదాపు గంట ఆలస్యంగా తెల్లవారుతుంది. ఏడింటికల్లా డెజర్ట్ నేషనల్ పార్కు దగ్గరుంటే చాలు. ఎండెక్కాక నేల వేడికి గాలి అలలాడుతుంది. ఎంత ఖరీదైన అద్దాల్లోనైనా బొమ్మ చెదురుతుంది.

బట్టమేకపిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్; ఒకప్పుడు మన నంద్యాల జిల్లా రోళ్లపాడులోనూ తిరిగేది) కనిపిస్తే దయచేసి జీపు దిగకండి. మిగిలినవే బహు కొద్ది, బెదరగొట్టకూడదు. లెన్సుపై ఇసుక పడితే గుడ్డతో రుద్దొద్దు, గీతలు పడతాయి. ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదేయండి.