కొత్త అపార్టుమెంటులో నన్నెవరూ కలుపుకోవడం లేదు

ప్రశ్న: నాకు 61 ఏళ్ళు. మావారు పోయాక పల్లెలో ఇంటికి తాళం వేసి హైదరాబాదులో మా అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. ఎనిమిది నెలలైంది. కొడుకూ కోడలూ బాగానే చూసుకుంటారు గానీ పొద్దున వెళితే రాత్రికి గానీ రారు. సాయంత్రం కింద బెంచీల దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుంటారు. నేను వెళ్ళి నిలబడితే మాటలు ఆపేస్తారు. రెండుసార్లు అలా జరిగాక వెళ్ళడం మానేశాను. ఇంత చిన్న విషయానికే ఏడుపొస్తోంది. లోపం నాలోనే ఉందా?

జవాబు: ముందు ఆ ఏడుపు సంగతి చూద్దామమ్మా. అది చిన్న విషయం కాదు. కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కంప్యూటర్ మీద ఒక బంతాట తయారుచేశారు. ముగ్గురు ఆటగాళ్ళలో ఇద్దరు కాసేపయ్యాక మూడోవారికి బంతి వేయడం మానేస్తారు. కొద్ది నిమిషాల ఆటే, పైగా అవతలివాళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళు. అయినా మూడోవారి మనసు చివుక్కుమంటుంది. ఆడేది మనుషులు కాదు, కంప్యూటరే అని ముందే చెప్పినా నొప్పి తగ్గలేదని 2004లో వచ్చిన పరిశోధనలో తేలింది. గుంపుగా బతికే ప్రాణికి పక్కన పెట్టేశారన్న అనుమానమే ప్రమాద ఘంటికలా మోగుతుంది. మీకూ అదే మోగింది. ఘంటిక మోగినంత మాత్రాన నిజంగా వెలివేశారని కాదు.

ఒక్క లెక్క చూడండి. ఆ బెంచీ దగ్గర మీరు గడిపిన సమయమంతా కలిపినా అరగంట ఉంటుందా? జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు అమెరికాలో కొత్త ఊరికి మారిన పెద్దవాళ్ళనూ, కాలేజీలో కొత్తగా చేరిన విద్యార్థులనూ అడిగి చూశారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాల్సి వచ్చింది. దగ్గరి స్నేహానికి 200 గంటల పైనే పట్టింది. అమెరికా లెక్క మనకు అచ్చంగా సరిపోకపోయినా, ఎంత ఓపిక కావాలో దీన్నిబట్టి తెలుస్తుంది. రోజుకు 40 నిమిషాల చొప్పున 50 గంటలంటే రెండున్నర నెలలు. మీరు రెండు సాయంత్రాలకే తీర్పు రాసేసుకున్నారు.

వాళ్ళు మాటలెందుకు ఆపారు? రోజూ కలిసి కూర్చునేవాళ్ళ మధ్య ఇంటి గొడవలు, ఆరోగ్యాలు, పిల్లల పెళ్ళిళ్ళు నలుగుతుంటాయి. కొత్త మనిషి రాగానే ఆ మాట మింగేస్తారు. అది మీ మీద కోపమనుకోవాల్సిన పనిలేదు. అందుకే గుంపు దగ్గరికి నేరుగా వెళ్ళకండి. అందరికంటే ముందు వచ్చి ఒంటరిగా కూర్చునేవారెవరో నాలుగు రోజులు బాల్కనీలోంచి గమనించండి. ఆవిడ వచ్చిన ఐదు నిమిషాలకు మీరూ దిగండి. రోజూ అదే వేళకు, అదే చోటికి. మిగతావాళ్ళు వచ్చేసరికి మీరు ఆవిడ పక్కన కూర్చుని ఉంటారు. అప్పుడు మీరు ఆవిడకు తెలిసినావిడ అవుతారు, కొత్తావిడ కారు.

చోటు విలువ తక్కువేం కాదు. 1950లో అచ్చయిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం విద్యార్థుల ఇళ్ళ సముదాయంలో పక్క తలుపువాళ్ళలో 41 శాతం మంది దగ్గరి స్నేహితులయ్యారు. అదే వరండాలో ఈ చివరా ఆ చివరా ఉన్నవాళ్ళలో 10 శాతమే. మీ అంతస్తులో ఎదురింటివాళ్ళను బెంచీకన్నా ముందు పలకరించండి.

ఏం మాట్లాడాలి అంటారా? చిన్న సాయం అడగండి. కరివేపాకు తాజాగా ఎక్కడ దొరుకుతుంది, జాకెట్లు బాగా కుట్టే టైలరెవరు, ఇలాంటివి. ఇక్కడ గబ్బిలాల సంగతి ఒకటి చెప్పాలి. దక్షిణ, మధ్య అమెరికాల్లో రక్తం తాగి బతికే గబ్బిలాలున్నాయి. ఆకలితో ఉన్న తోటిదానికి తాగిన రక్తాన్ని కక్కి పంచుతాయి. ఒకదానికొకటి పరిచయం లేని గబ్బిలాలను తెచ్చి కలిపి ఉంచితే, అవి మొదటే తిండి పంచుకోలేదని జెరాల్డ్ కార్టర్ బృందం 2020లో చూపించింది. ముందు ఒకదాని ఒళ్ళు ఒకటి శుభ్రం చేసుకున్నాయి. ఖర్చు లేని పని ముందు, ఖరీదైనది తర్వాత. మీరూ మొదటి వారమే అందరికీ ఆవకాయ సీసాలు పంచకండి, పుచ్చుకున్నవాళ్ళకు బరువవుతుంది. మూడో వారంలో ఒక్కరికి, ఒక్క చిన్న గిన్నెడు పప్పుచెక్కలు. మన ఇళ్ళల్లో గిన్నె ఖాళీగా తిరిగి రాదు కదా, ఆ రాకపోకలే మీకు కావలసింది.

కొన్నిటి జోలికి మాత్రం వెళ్ళకండి. కోడలి గురించి మంచైనా చెడైనా మొదటి రెండు నెలలు ఎత్తొద్దు, ఆ మాట మీకంటే ముందే లిఫ్టెక్కుతుంది. "మా ఊళ్ళో అయితేనా" అని పోల్చొద్దు. మీవారు పోయిన దుఃఖం పూర్తిగా విప్పుకోవడానికి పాత స్నేహితురాలు కావాలి. ఆవిడకు వారంలో రెండుసార్లు ఫోనుకు వేళ పెట్టుకోండి. ఆ ఆసరా ఉంటే బెంచీ దగ్గర తొందర తగ్గుతుంది.

ఇంటికొచ్చాక "నేను మాట్లాడింది వాళ్ళకు నచ్చలేదేమో" అనిపిస్తుంది. దాన్ని నమ్మకండి. కొత్తవాళ్ళతో మాట్లాడాక, అవతలివాళ్ళకు తాము నిజంగా ఎంత నచ్చారో దానికంటే తక్కువే నచ్చామని చాలామంది అనుకుంటారని 2018లో పరిశోధకులు కొలిచి చూపించారు.

మీరు కొత్త గుంపులోకి రావడం ఇది రెండోసారి. చింపాంజీల్లో కూడా చాలామటుకు ఆడవే వయసొచ్చాక పుట్టిన గుంపు వదిలి పరాయి గుంపులో చేరతాయి, అక్కడి పాత ఆడవాటి చేత దెబ్బలూ తింటాయి. మీరు కాపురానికి వెళ్ళినప్పుడు అత్తగారో తోటికోడలో బావి దగ్గర "మా కోడలు" అని పరిచయం చేసి ఉంటారు. ఇక్కడ ఆ పని చేసేవారు లేరు. ఈ ఆదివారం మీ కోడల్ని మీతోపాటు కిందికి దిగి, నలుగురికీ "మా అత్తయ్య" అని చెప్పమనండి. ఐదు నిమిషాల పని.

నిద్ర, ఆకలి రెండు వారాలకు పైగా చెడినా, బతకాలని లేదనిపించినా ఇవేవీ పూర్తయ్యేదాకా ఆగవద్దు. అబ్బాయికి చెప్పండి, 14416కు ఫోను చేయండి. అది మనసు బాగోలేనివారికి సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఏ వేళనైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.