మహమ్మారి తర్వాత లైబ్రరీ తెరిస్తే, తిరిగొచ్చిన పుస్తకాలను కొన్నాళ్లు పక్కన పెట్టాలా?

కోవిడ్ విషయంలో అయితే ఆ అవసరం లేదనే తేలింది. మొదట్లో మాత్రం అందరికీ పుస్తకాల గురించే టెన్షన్. 2020లో అమెరికాలో రియల్మ్ అనే ప్రాజెక్టు కింద లైబ్రరీ వస్తువుల మీద వైరస్‌ను పరీక్షించారు. విడివిడిగా ఉంచిన పుస్తకాల అట్టల మీద, లోపలి పేజీల్లో మూడు రోజుల తర్వాత అది కనిపించలేదు. ఒకదానిపై ఒకటి పేర్చి ఉంచితే ఆరు రోజులకు కూడా కొన్నిటి మీద జాడ దొరికింది. జాడ దొరికిందంటే జబ్బు సోకుతుందని కాదు, ఆ తేడా చాలామంది గమనించలేదు. 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, వైరస్ ఉన్న వస్తువును ఒకసారి తాకితే సోకే అవకాశం 10,000లో 1 కన్నా తక్కువని చెప్పింది.

అసలు ప్రమాదం లోపల నిలిచిపోయిన గాలితోనే. కిటికీలు తెరవండి, గాలి బాగా ఆడేలా చూడండి, రద్దీ తగ్గించండి. పుస్తకాల మీద శానిటైజర్ చల్లకండి, కాగితం పాడైపోతుంది. వైరస్‌ను చంపడానికి వాడే అతినీలలోహిత (యూవీ) దీపాల కాంతి మూసిన పేజీల్లోకి వెళ్లదు, పైగా రంగులు వెలిసిపోతాయి.

ఒక్క మాట: కుర్చీలను దూరం జరపండి, అంతేగానీ పూర్తిగా తీసేయకండి. ఇంట్లో చదువుకోవడానికి చోటు లేనివాళ్లకు ఆ కుర్చీయే లైబ్రరీ.