వర్క్‌బెంచ్ పైపలకలో అంచు చిట్లని రంధ్రాలకు ఏ రౌటర్ బిట్ తీసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: 75 మి.మీ. మందం ఉన్న గట్టి చెక్క పైపలక సిద్ధంగా ఉంది. బెంచ్ డాగ్‌ల (పని చేసే చెక్క జరగకుండా ఆపే గూటాల) కోసం అందులో వరసగా 20 మి.మీ. రంధ్రాలు వేయాలి, అంచులు చిట్లకూడదు. ప్లంజ్ రౌటర్ (తిరిగే బిట్‌ను చెక్కలోకి నిలువుగా దించగల యంత్రం) ఉంది, బిట్ ఏది కొనాలో తేలడం లేదు.

ముందు జవాబు చెప్పేస్తాను. కార్బైడ్ అంచులతో, అడుగున కూడా కోసే 20 మి.మీ. స్ట్రెయిట్ బిట్ తీసుకోండి. షాంక్ (బిట్ కాడ) 12 లేదా 12.7 మి.మీ. ఉండాలి, మీ కాలెట్‌కు, అంటే రౌటర్‌లో ఆ కాడను పట్టి బిగించే భాగానికి, ఏది సరిపోతే అది. అయితే ఆ ఒక్క బిట్‌తో రంధ్రం మొత్తం పూర్తవుతుందని మాత్రం అనుకోకండి. పై అంచు నీట్‌గా రావడం ఒక పని, లోపలి పొట్టు బయటికి రావడం ఇంకో పని. ఈ రెండూ ఒకే బిట్‌తో సాధించాలని చూసినప్పుడే చెక్క పాడవుతుంది. నా చేతుల మీద రెండు పలకలు పాడయ్యాక నాకు ఇది తెలిసింది.

మొదటి పలకకు డ్రిల్ మెషిన్‌లో స్పేడ్ బిట్ పెట్టి చేత్తోనే వేశాను. పైనుంచి చూస్తే రంధ్రాలు బాగానే కనిపించాయి. డాగ్ దించితే ఒకటి ఇటు వాలింది, ఇంకొకటి అటు వాలింది. కింద చూస్తే ప్రతి రంధ్రం చుట్టూ వేలెడు పొడవున పేళ్లు లేచి ఉన్నాయి. రెండో పలకకు రౌటర్ వాడాను, బిట్ కొత్తదే. రెండో రంధ్రం దగ్గరే పొగ వచ్చింది. రౌటర్ ఎంత నొక్కినా కిందికి దిగడం లేదు. ఆపి చూస్తే రంధ్రం మధ్యలో చిటికెన వేలి గోరంత బొడిపె మిగిలి ఉంది, నల్లగా మాడి, వేలు పెడితే కాలేంత వేడిగా. బిట్ పదును పోయిందేమో అనుకున్నాను. బిట్‌ను తిరగేసి చూశాక అసలు సంగతి తెలిసింది. కార్బైడ్ పలకలు రెండూ పక్కల మాత్రమే ఉన్నాయి, అడుగున నడిమధ్యలో కోసే అంచే లేదు. అది గాడి తీయడానికి చేసిన బిట్. పక్క నుంచి చెక్కలోకి వెళ్లగలదు కానీ, నిలువుగా దిగలేదు.

కాబట్టి కొనేటప్పుడు బిట్‌ను తప్పకుండా తిరగేసి చూడండి. అడుగున కార్బైడ్ అంచు నడిమధ్య దాకా రావాలి, లేదా మధ్యలో మూడో కార్బైడ్ ముక్క అడ్డంగా అతికించి ఉండాలి. రెండు కార్బైడ్ పలకల మధ్య ఉత్త స్టీల్ కనిపిస్తుంటే ఆ బిట్ ఈ పనికి రాదు, ఎంత మంచి బ్రాండ్ అయినా సరే.

స్పైరల్ బిట్‌ల గురించి కూడా చెప్పాలి, ఎక్కువమంది తికమకపడేది అక్కడే. అప్‌కట్ స్పైరల్ పొట్టును పైకి లాగేస్తుంది. రంధ్రం ఖాళీ అవుతూ ఉంటుంది, బిట్ చల్లగా ఉంటుంది. కానీ పొట్టుతో పాటు పై అంచులోని నారను కూడా పైకి ఎత్తుతుంది, మీరు భయపడే చిట్లడం అదే. డౌన్‌కట్ దీనికి తలకిందులు. నారను కిందికి నొక్కుతూ కోస్తుంది కాబట్టి పై అంచు కత్తితో గీసినట్టు వస్తుంది. పొట్టు మాత్రం అడుగున కూరుకుపోతుంది. లోతైన రంధ్రంలో డౌన్‌కట్ బిట్‌ను నిలువుగా దించుతూ పోతే పొట్టుకు దారి ఉండదు, వేడెక్కుతుంది, చెక్క మాడుతుంది. కంప్రెషన్ బిట్ రెండు రకాల పళ్లనూ కలుపుకుని ఉంటుంది. ప్లైవుడ్ పలకలను అంచు వెంట కోయడానికి అది చాలా బాగుంటుంది గానీ, దాని కొన దగ్గర ఉండేది అప్‌కట్ పళ్లే, అందుకని నిలువుగా దిగేటప్పుడు మొదట తగిలేది అవే. మందమైన పలకలో రంధ్రాలకు నేనైతే దాన్ని కొనను.

మీ దగ్గర ఇప్పటికే 12 మి.మీ. అప్‌కట్ స్పైరల్ ఉంటే కొత్తది కొనకుండానే పని జరుగుతుంది. రౌటర్ అడుగున గైడ్ బుష్ (బిట్ చుట్టూ ఉండే గొట్టంలాంటి రింగు) బిగించి, దాన్ని టెంప్లేట్ (రంధ్రం ఉన్న అచ్చు పలక) రంధ్రంలో గుండ్రంగా తిప్పాలి. టెంప్లేట్ రంధ్రం కొలత ఇలా వస్తుంది: కావలసిన రంధ్రానికి బుష్ బయటి వ్యాసం కలిపి, బిట్ వ్యాసం తీసేయాలి. 20 మి.మీ. రంధ్రం, 30 మి.మీ. బుష్, 12 మి.మీ. బిట్ అయితే టెంప్లేట్‌లో 38 మి.మీ. రంధ్రం కావాలి. లోపలి అంచు వెంట కోస్తున్నాం కాబట్టి పైనుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగే దిశలో తిప్పండి. వ్యతిరేక దిశలో తిప్పితే బిట్ చెక్కను పట్టుకుని రౌటర్‌ను లాగేస్తుంది. ఈ పద్ధతి నిదానమే, కానీ రంధ్రం కాస్త బిగుతుగా వస్తే బుష్ మార్చో టెంప్లేట్ మార్చో సరిచేసుకోవచ్చు. 20 మి.మీ. బిట్‌ను నేరుగా దించితే ఆ వెసులుబాటు ఉండదు.

అప్‌కట్ వాడినా, స్ట్రెయిట్ బిట్ వాడినా పై అంచును కాపాడే చిట్కా ఒకటుంది. టెంప్లేట్ కింద 3 లేదా 4 మి.మీ. ప్లైవుడ్ ముక్క పరిచి, రెండింటినీ కలిపి పలకకు గట్టిగా క్లాంప్ చేయండి. బిట్ ముందు ఆ ప్లైవుడ్‌ను తొలుచుకుని వెళుతుంది. కోసిన రంధ్రం చుట్టూ ఆ ముక్క మీ చెక్క నారను అదిమి పడుతుంది, అందుకని చిట్లడమేదైనా ఉంటే అది ప్లైవుడ్‌కే పరిమితమవుతుంది. ప్రతి రంధ్రానికీ కొత్త చోటు దొరికేలా దాన్ని జరుపుతూ ఉండాలి. పాత రంధ్రం మీదే పెడితే ఉపయోగం ఉండదు. ఇంకో మాట, పైపలకకు చివరి చిత్రిక ఇంకా పట్టలేదంటే, రంధ్రాలు వేసేదాకా దాన్ని ఆపండి. రంధ్రాలు వేశాక ఒక మి.మీ. లోపు చిత్రిక పడితే సన్నటి చిట్లులు దానితోనే పోతాయి. నేను ఈ వరస పాటించడం మొదలుపెట్టాక అంచుల గురించి టెన్షన్ పడటం మానేశాను.

ఇక లోతు సంగతి. మామూలు ప్లంజ్ రౌటర్లు 50 నుంచి 65 మి.మీ. దాకా దిగుతాయి, అందులోంచి టెంప్లేట్ మందం, ప్లైవుడ్ మందం తీసేయాలి. బిట్ పొడవు కూడా అడ్డొస్తుంది. కాబట్టి 75 మి.మీ. పలకను ఒక్క రౌటర్‌తో ఆ చివరిదాకా తొలిచేయాలని చూడకండి. పొడవు కోసం బిట్‌ను కాలెట్‌లోంచి బయటికి లాగి బిగించడం చాలా ప్రమాదం. షాంక్ మీద గుర్తు ఉంటే ఆ గుర్తు దాకా, లేకపోతే కనీసం నాలుగింట మూడొంతుల షాంక్ కాలెట్‌లో ఉండాలి. బిట్‌ను కాలెట్ అడుగుకు తగిలేదాకా దించి, తర్వాత 2–3 మి.మీ. పైకి లాగి బిగించండి. రౌటర్‌తో 35 లేదా 40 మి.మీ. దిగితే చాలు. ఆ తిన్నని గోడలే మిగతా పనికి దారి చూపుతాయి. అదే కొలత బ్రాడ్ పాయింట్ (మధ్యలో సూది మొన ఉండే డ్రిల్ బిట్) గానీ ఆగర్ (మరమొన ఉండే పొడవాటి డ్రిల్ బిట్) గానీ డ్రిల్ మెషిన్‌కు పెట్టి ఆ రంధ్రంలో దించితే అది పక్కకు వాలదు. కింద పనికిరాని చెక్క ముక్క ఒకటి గట్టిగా క్లాంప్ చేస్తే అవతలి అంచు కూడా చిట్లదు. ముక్క పెట్టే వీలు లేకపోతే ఆగర్ కొన కింద పొడుచుకు రాగానే ఆపి, ఆ చుక్క ఆధారంగా కిందినుంచి పూర్తి చేయండి.

దించేటప్పుడు ఒకసారికి 5–6 మి.మీ. మించి వద్దు. దించండి, బయటికి తీయండి, పొట్టు రానివ్వండి, మళ్లీ దించండి. రంధ్రంలో బిట్ తిరుగుతూ ఒకచోట ఆగిందంటే అక్కడ గోడ మాడుతుంది. వేగం నేను నిమిషానికి 16,000 చుట్ల దగ్గర పెడతాను. వ్యాక్యూమ్ తగిలిస్తే పని ఎంత తేలికవుతుందో మీకే తెలుస్తుంది. డ్రిల్‌కు పెట్టే ఫోర్‌స్ట్‌నర్ బిట్ అంచు బాగా కోస్తుంది కదా అని దాన్ని మాత్రం రౌటర్‌కు ఎప్పుడూ పెట్టకండి. అది తక్కువ వేగానికి చేసినది, రౌటర్ వేగంలో ఏ ముక్క ఎటు ఎగిరిపోతుందో చెప్పలేం. రౌటర్ బిట్‌ను డ్రిల్‌కు పెట్టడం కూడా అంతే తప్పు, డ్రిల్‌లో దానికి తగిన వేగం రాదు.

బిట్ కొనేముందు డాగ్‌ను కొలవండి. ముప్పావు అంగుళం అంటే 19.05 మి.మీ. ఆ కొలత డాగ్‌ను 20 మి.మీ. రంధ్రంలో పెడితే దాదాపు ఒక మి.మీ. ఊగుతుంది. షాంక్‌లకూ ఇదే గొడవ, 12 మి.మీ. షాంక్‌ను అర అంగుళం కాలెట్‌లో బిగించకూడదు. ముందు అదే చెక్క ముక్క మీద ఒక రంధ్రం వేసి డాగ్ దించి చూడండి. వేలితో నొక్కితే దిగాలి, వదిలితే దానంతట అది పడిపోకూడదు. హోల్డ్‌ఫాస్ట్ (రంధ్రంలో కాడ దించి చెక్కను బెంచ్‌కు అదిమి పట్టే ఇనుప కొక్కెం) కూడా వాడే ఆలోచన ఉంటే దాని కాడను కూడా అదే రంధ్రంలో దించి, సుత్తితో ఒక దెబ్బ వేసి పట్టు చూసుకోండి. అది పట్టేది రంధ్రంలో ఓరగా ఇరుక్కునే, అందుకే దానికి లోపలి గోడ అద్దంలా నున్నగా ఉండక్కర్లేదు. ఇసుక కాగితంతో గోడలు రుద్దుతూ కూర్చోకండి, రంధ్రం వెడల్పయిపోతుంది.

అన్నీ అయ్యాక బేరింగ్ ఉన్న 45 డిగ్రీల చాంఫర్ బిట్‌తో పై అంచు చుట్టూ 2 మి.మీ. వాలు తీయండి. బేరింగ్ రంధ్రం లోపలికి దూరేంత చిన్నదో కాదో ముందే చూసుకోండి, 12.7 మి.మీ. బేరింగ్ అయితే సరిపోతుంది. వాలు తీయని పదునైన అంచులు రోజూ డాగ్ తీసి పెట్టే చోట కొద్దిరోజులకే పెచ్చులు లేస్తాయి. అడుగు వైపు కూడా అంతే వాలు తీయండి, డాగ్‌ను కిందినుంచి పైకి తోసినప్పుడు అంచు చిట్లదు.