రెండడుగుల మొక్కల ట్యాంకుకి ఎంత లైటు కావాలి?

రెండడుగుల అక్వేరియం ట్యాంకులో క్రిప్టోకోరైన్, అనూబియాస్, జావా ఫెర్న్ పెట్టాను, సీఓ2 (మొక్కల కోసం నీళ్లలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ గ్యాసు) లేదు, షాపులో 40 వాట్ల లైటు తీసుకోమంటున్నారు, తీసుకోవచ్చా అని ఒకరు అడిగారు. వద్దండి. ఈ మూడూ తక్కువ వెలుతురులో హాయిగా బతికే మొక్కలు. అంత లైటు పెడితే పాచిని మనమే పిలిచి పీట వేసినట్టవుతుంది.

నేను చేసింది అదే. మేం చెన్నైలో పెరంబూరులో ఉంటాం. నాలుగేళ్ల కిందట అక్వేరియం షాపులుండే కొళత్తూరు నుంచి ఇవే మొక్కలు తెచ్చి నాటాను. పది రోజులకి క్రిప్టోకోరైన్ ఆకులు ఉడికిన తోటకూరలా మెత్తబడి జారిపోవడం మొదలుపెట్టాయి. వెలుతురు చాలట్లేదనుకుని ఇంకో లైటు తెచ్చి పక్కన బిగించి, రోజుకి 11 గంటలు వెలిగించాను. మూడు వారాలు తిరిగేసరికి జావా ఫెర్న్ చుట్టూ పచ్చటి దారాలు, అనూబియాస్ ఆకుల మీద గట్టి పచ్చ చుక్కలు. ఆ చుక్కలు వేలితో రుద్దితే రావు. అద్దం మీదవి బ్లేడుతో గీకాను, ఆకుల మీదవి ఎలా గీకుతాం? అనూబియాస్ కొత్త ఆకు వేయడానికే వారాలు పడుతుంది. పాతవి ఒక్కొక్కటే కత్తిరిస్తూ నెలల తరబడి ఎదురుచూశాను. చాలా బాధపడ్డాను.

అసలు ఆ ఆకులు కరిగింది వెలుతురు తక్కువై కాదు. నర్సరీల్లో ఈ మొక్కల్ని చాలావరకు ఆకులు నీటిపైనే ఉండేలా, తడిగాలిలో పెంచుతారు. నీళ్లలో ముంచగానే పాత ఆకులు వదిలేస్తాయి. వేరు గట్టిగా ఉంటే కొన్ని వారాల్లో నీటికి అలవాటైన కొత్త ఆకులు వస్తాయి. మీకూ ఇలాగే జరిగితే కంగారుపడి పీకేయకండి, లైటూ పెంచకండి. వెలుతురు పొయ్యి మంట లాంటిది. మంట పెంచి గిన్నెలో నీళ్లు పోయకపోతే మాడుతుంది. సీఓ2, ఎరువు లేకుండా వెలుతురు పెంచితే మొక్క ఆగిపోతుంది, పాచి ఎదుగుతుంది.

ఇక లెక్క. వాట్లు చూసి కొనడం ట్యూబులైట్ల కాలం నాటి పద్ధతి, వాటు అంటే ఎంత కరెంటు తాగుతుందనే. పెట్టె మీద ల్యూమెన్లు చూడండి, లైటు ఎంత వెలుతురు ఇస్తుందో చెప్పేది అదే. 60×30×30 సెంటీమీటర్ల ట్యాంకు అంచుదాకా 54 లీటర్లు, ఇసుక, రాళ్లు పోను 45 అనుకుందాం. మీ మొక్కలకి లీటరుకి 15 నుంచి 20 ల్యూమెన్లు చాలు, అంటే 700 నుంచి 900. మామూలు ఎల్ఈడీ వాటుకి 80 నుంచి 100 ల్యూమెన్లు ఇస్తుంది కాబట్టి 10 వాట్ల లైటుతో పని అయిపోతుంది. ఇది తెల్ల లైటుకే, ఊదారంగు గ్రో లైట్లకి ఈ లెక్క నప్పదు. రంగు 6500 కెల్విన్ దగ్గర, అంటే పగటి వెలుగు లాంటి తెలుపు ఉంటే బాగుంటుంది. రేపు ఎర్ర రొటాలా, అడుగంతా పరుచుకునే కార్పెట్ మొక్కలు పెట్టాలనిపిస్తే లీటరుకి 40 ల్యూమెన్ల దాకా కావాలి, కానీ దాంతోపాటు సీఓ2 కూడా పెట్టాల్సిందే.

నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టాలంటే డిమ్మర్ (వెలుతురు తగ్గించుకునే ఏర్పాటు) ఉన్న లైటుకి పెట్టండి. డిమ్మర్ లేకపోతే స్టాండు మీద కాస్త ఎత్తుగా పెట్టండి. మన ఎండాకాలంలో అదీ మంచిదే, లైటు వేడి నేరుగా మూతకి తగలదు. మొదటి రెండు నెలలు రోజుకి 6 గంటలు చాలు. నేను సాయంత్రం 4 నుంచి 10 దాకా టైమర్ పెట్టాను, ఇంటికొచ్చాక చూసుకోవచ్చు. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోండి, తిప్పే రకం కరెంటు పోయినంతసేపూ ఆగిపోయి వెనకబడుతుంది.

ఇంకొకటి. పోయినేడు నా మొక్కలు డీలాపడ్డాయి. మళ్లీ లైటు మీదకే చెయ్యి పోయింది గానీ, ముందు మూత అద్దం తీసి వెలుగుకి పట్టి చూశాను. మా బోరు నీళ్ల ఉప్పు తెల్లగా, సున్నం కొట్టినట్టు పేరుకుపోయి ఉంది. వెనిగర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, కడిగి పెట్టాను. ఆ సాయంత్రం ఇసుక మీద ఆకుల నీడలు మళ్లీ స్పష్టంగా పడ్డాయి. కొత్త లైటు కొనేముందు మీరూ ఆ మూత ఒకసారి తీసి చూడండి.