ఇంటి రిపేరు మధ్యలో ఉద్యోగం పోతే: ముందు వాన దిగే చోటు చూసుకోండి

ఇల్లు సగం పగలగొట్టి ఉండగా మీ ఆయన ఉద్యోగం పోయింది, పని ఆపేయాలా, అప్పు చేసైనా పూర్తి చేయాలా, మేస్త్రికి ఏమని చెప్పాలి అని అడిగారు. మీది విజయనగరం, మాది శ్రీకాకుళం. 2022 మేలో నేను అచ్చం ఇదే స్థితిలో ఉన్నాను, అందుకే మీ ప్రశ్న చదివాక ఊరుకోలేకపోయాను. పని మొత్తం ఆపేయడమూ వద్దు, అప్పు చేసి అంతా పూర్తి చేయడమూ వద్దండి. వాన నీళ్ళు ఇంట్లోకి దిగకుండా చేసే పని ఒక్కటే పూర్తి చేయించండి, మిగతావన్నీ ఎక్కడివక్కడ వదిలేయండి.

2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది కదా, ఆ వానకి మా వంటింటి శ్లాబ్ కారడం మొదలైంది. సంక్రాంతి నాటికి పెచ్చులు ఊడి ఊచలు బయటపడ్డాయి. వేసవిలో బాగు చేయిద్దామని మొదలుపెట్టి, ఎలాగూ మేస్త్రి వచ్చాడు కదా అని బాత్రూమ్, ముందు గదిలో టైల్స్, ప్రహరీ కూడా దానికి కలిపేశాం. డాబా మీద పాత పొర మొత్తం కొట్టేసిన మూడో రోజు సాయంత్రం మా ఆయన కంపెనీ బస్సు దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూర్చుండిపోయారు. పైడిభీమవరం వైపు ఒక కంపెనీలో ఏడేళ్ళు ఆపరేటరుగా చేశారు. రేపటి నుంచి రావద్దన్నారట.

నేను చేసిన మొదటి తప్పు, మేస్త్రికి నాలుగు రోజులు చెప్పకపోవడం. పరువు పోతుందనిపించింది. ఆ నాలుగు రోజుల కూలీ ప్రహరీకి పోయింది, అప్పటికి మాకు ఏమాత్రం అవసరం లేని పనికి. ఐదో రోజు టీ ఇస్తూ చెప్పేస్తే మేస్త్రి గ్లాసు పక్కన పెట్టి, "ముందు వాన దిగకుండా సేసీద్దుమమ్మా, టైల్సు ఎక్కడికెళ్ళిపోతాయి?" అన్నాడు. అంతే. బాకీ మూడు వాయిదాల్లో తీసుకుంటానని కూడా తనే అన్నాడు. మీరు ఈరోజే చెప్పేయండి, వాళ్ళు ఇలాంటివి చాలా ఇళ్ళల్లో చూసి ఉంటారు.

శ్లాబ్ మాత్రం మధ్యలో వదలొద్దని ఎందుకంటున్నానంటే, పైపొర తీసేశాక వాన పడితే నీళ్ళు నేరుగా ఊచల దాకా పోతాయి, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటుని తోసేస్తుంది, ఈ ఏడాది రెండడుగుల మేర ఊడింది వచ్చే ఏడాదికి గదంతా ఊడుతుంది. జూన్ రెండో వారం దాటితే మన వైపు వానలకి నమ్మకం లేదు. ఇంకో కూలీని పెట్టే స్తోమత లేక మా ఆయనే స్టూలు ఎక్కి ఊచలకి వైర్ బ్రష్ పట్టారు. మోచేతుల దాకా ఎర్రటి పొడి, కళ్ళలో పడకుండా నా పాత చున్నీ తలకి చుట్టుకున్నారు. మా అత్తగారు గుమ్మంలో నిలబడి "నా కొడుకు సేతులు సూడమ్మా" అని ఏడ్చారు. కానీ నేను గమనించింది ఏమిటంటే, ఉద్యోగం పోయాక ఆయన కడుపునిండా అన్నం తిన్నది ఆ రోజే. మీ ఆయన్ని కూడా ఖాళీగా కూర్చోనివ్వకండి, అలాగని బలవంతమూ పెట్టకండి, పక్కన మేస్త్రి ఉంటే పని దానంతటదే చేతికొస్తుంది.

తుప్పు గీకాక ఊచలకి తుప్పు పట్టకుండా పూత వేశారు, కింద మళ్ళీ ప్లాస్టరింగ్ చేసి, పైన నీళ్ళు గొట్టం వైపు జారేలా వాటం పెట్టి వాటర్‌ప్రూఫింగ్ చేశారు. తర్వాత డాబా మీద గట్టు కట్టి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టాం. నేను వంటింట్లో పీట వేసుకుని పైకి చూస్తూ కూర్చున్నాను, చెమ్మ కూడా రాలేదు. తెరవని టైల్స్ బాక్సులు షాపువాళ్ళు కొంత తగ్గించుకుని వెనక్కి తీసుకున్నారు, మీరూ అడిగి చూడండి.

ఇక డబ్బు. కంగారులో తెలిసినవాళ్ళ దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చాను, అంటే నెలకి 1,200 వడ్డీకే పోయేది. రెండు నెలలు కట్టాక బ్యాంకులో గాజులు పెట్టి అది తీర్చేశాను, అక్కడ వడ్డీ రూపాయి లోపే. ఆ పని మొదటి రోజే చేయాల్సింది.

రాజీనామా విషయంలో చాలా జాగ్రత్తగా ఉండండి. మా ఆయన్ని కూడా "మీరే రిజైన్ చేసినట్టు రాసివ్వండి, సర్టిఫికెట్ తొందరగా వస్తుంది" అన్నారు. ఆయన రాయలేదు. కంపెనీ తీసేస్తే, కార్మికుడికి నెల నోటీసు లేదా నెల జీతం, సర్వీసు ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం చట్టప్రకారం రావాలి. మనమే మానేసినట్టు రాస్తే అది పోతుంది. ఐదేళ్ళు దాటితే గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకి కంపెనీ చివర్లో ఇచ్చే డబ్బు, వేరే, బేసిక్ 11,700 మీద ఏడేళ్ళకి మాకు 47,250 వచ్చింది.

జీతంలో ఈఎస్ఐ (కార్మికుల బీమా) కట్ అయ్యేదా? అయితే అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన ఇప్పుడూ ఉందేమో ఈఎస్ఐ ఆఫీసులో అడగండి. మేము తీసుకున్నప్పుడు, ఉద్యోగం పోయిన వాళ్ళకి సగటు రోజు జీతంలో సగం, 90 రోజుల వరకు ఇచ్చేవారు, జీవితంలో ఒక్కసారే. ఆయన జీతం 18,000, రోజుకి 300 లెక్కన 27,000 వచ్చింది, మా ఇంటి బియ్యం, పిల్లాడి ఫీజు దాంతోనే గడిచాయి. దీని గురించి మాకు కంపెనీలో ఎవరూ చెప్పలేదు, ఆసుపత్రి క్యూలో పక్కనున్నావిడ చెప్పింది. పీఎఫ్‌కి మాత్రం కంపెనీవాళ్ళు మానేసిన తేదీ వేయక ఆగిపోయింది, రెండు నెలలయ్యాక మేమే ఆధార్ ఓటీపీతో వేసుకున్నాం. ఎంత తీసుకోవచ్చన్న నిబంధనలు తర్వాత మార్చారు కాబట్టి పోర్టల్‌లో చూసుకోండి.

ఆయనకి మళ్ళీ ఉద్యోగం రావడానికి ఐదు నెలలు పట్టింది, జీతం మొదట్లో తక్కువే. ముందు గదికి టైల్స్ మరుసటి సంక్రాంతికి వేయించాం, ప్రహరీ ఇప్పటికీ నడుము ఎత్తే ఉంది.

మీ డాబా మీద పాత పొర కొట్టేశారా, ఇంకా ఉందా? బాత్రూమ్ పైపులు ఎంతవరకు వచ్చాయి? అది రాయండి, ఈ డబ్బుతో ముందు ఏది చేయించుకోవాలో చెప్తాను. కొట్టేసి ఉంటే మాత్రం నా జవాబు కోసం ఆగకండి, ఈ రాత్రికే టార్పాలిన్ కప్పించి అంచుల మీద ఇటుకలు పెట్టించండి.