గొడ్లు, గొర్రెలు, ఈగలు: మీ ప్రశ్నలకు పశువుల డాక్టర్ జవాబులు

వానలు మొదలైనప్పట్నుంచి మాకొచ్చే ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో ఎక్కువ భాగం ఈగల గురించే, అందుకే ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాం. ముందుగా ఒక్క మాట. "ఈగలకి మందు చెప్పండి సార్" అని ఒక్క లైన్ రాసి పంపకండి. ఆ ఈగ గొడ్డు ఒంటి మీద ఎక్కడ వాలుతోంది, ఏ టైంలో వస్తోంది, చుట్టుపక్కల తడి ఎక్కడుంది, ఇవి రాయండి, దాన్ని బట్టే అది ఎక్కడ పుడుతోందో తెలుస్తుంది. పుట్టే చోటు తెలీకుండా మందు పేరు చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే డబ్బులు పోయేది మీవి, బాధ పడేది ఆ మూగజీవం.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాకు నాలుగు హెచ్ఎఫ్ క్రాస్ ఆవులుండాయి. కొన్ని దినాలుగా పాలు పిండేటప్పుడు నిలబడ్నే నిలబడవు, కాళ్ళు నేలకేసి కొడతానే ఉంటాయి, తోకతో మన మొగం మీద కొడతాయి. పాలు కూడా తగ్గినాయి. వేపాకు పొగ పెట్టినాం, షాపులో స్ప్రే తెచ్చి ఆవుల మీద కొట్టినాం, రెండు దినాలు బాగుండి మళ్ళీ అంతే. చూస్తే ఇంటి ఈగల మాదిరే ఉండాయి. ఏం చేసేది?
— ఒక పాఠకురాలు, పలమనేరు మండలం

జవాబు: అమ్మా, అవి ఇంటి ఈగలు కావు. ఇంటి ఈగ కుట్టలేదు, దాని మూతి నాకడానికి తప్ప దేనికీ పనికిరాదు. మీ ఆవుల్ని ఏడిపిస్తున్నది స్టోమాక్సిస్ అనే రక్తం తాగే ఈగ. సైజు, రంగు దాదాపు అదే, కానీ దగ్గరికెళ్ళి చూడండి, తల ముందుకి నల్లటి సూదిలా మూతి పొడుచుకొచ్చి ఉంటుంది. ఎక్కువగా వాలేది కాళ్ళ మీద, అందుకే మీ ఆవులు కాళ్ళు కొడుతున్నాయి. దోమల్లో అయితే ఆడదే కుడుతుంది, వీటిలో మగదీ ఆడదీ రెండూ కుడతాయి, ఆ కాటు బాగా మంట. రోజంతా కాళ్ళు కొట్టుకుంటూ నిలబడిన ఆవు సరిగ్గా మేయదు, పడుకొని నెమరు వేయదు, ఇంక పాలెట్లా వస్తాయి చెప్పండి.

స్ప్రే రెండు రోజులే ఎందుకు పనిచేసిందంటే, ఈ ఈగ ఆవు మీద ఉండేది కొన్ని నిమిషాలే. కడుపు నిండా తాగి పోయి కొట్టం గోడ మీదో, కంచె మీదో, నీడలో కూర్చుంటుంది. ఇక గుడ్లు పెట్టేది ఎక్కడంటే తొట్టి కింద రాలిపోయి ఉచ్చలో, పేడలో నానిపోయిన వరిగడ్డిలో, చొప్పలో, సైలేజ్ (పాతరేసిన పచ్చమేత) వేస్తుంటే దాని అంచున కుళ్ళిపోయే భాగంలో. మన వేడికి గుడ్డు ఈగ కావడానికి రెండు మూడు వారాలు చాలు. కాబట్టి ఆవు మీద కొట్టిన మందుకి చచ్చినవి చచ్చినా, తొట్టి కింద ఇంకో బ్యాచ్ తయారవుతూనే ఉంటుంది.

తొట్టి జరిపి కింద ఒకసారి తవ్వి చూడండి, తడి గడ్డిలో తెల్ల పురుగులు కనపడితే మీ ఈగల ఇల్లు అదే. ఆ గడ్డంతా తీసి ఎండలో పలచగా పరిచి ఆరబెట్టండి, ఆరిన గడ్డిలో పురుగు బతకదు. ఆ తర్వాత వారానికి రెండుసార్లైనా తొట్ల చుట్టూ, దూడల్ని కట్టేసే మూల, కొళాయి కారే చోట ఊడ్చి తీసేయాలి. దిబ్బని కొట్టానికి దూరంగా గట్టిగా తొక్కి కుప్పవేసి ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల వేడికే పురుగులు చస్తాయి, మీకు ఎరువు కూడా బాగా మాగుతుంది. ఇవన్నీ చేసి, అప్పుడు కొట్టండి స్ప్రే, అదీ గొడ్ల డాక్టర్ రాసిచ్చింది, లేబుల్ మీద ఉన్న కొలతలోనే, ఆవు కాళ్ళకీ, ఈగలు కూర్చునే గోడలకీ. పాల క్యాన్ల మీద, దాణా మీద పడకూడదు. వేపాకు పొగ కాసేపు ఉపశమనం, తప్పులేదు, కానీ మూసేసిన కొట్టంలో పొగ పెట్టొద్దు తల్లీ, చిన్న దూడలకి ఊపిరాడదు.

ప్రశ్న: సార్, మా ఎద్దుకి మూపు దగ్గర కాడి ఒరుసుకొని పుండైంది. దాంట్లో పురుగులు పడినాయి. పక్క మడి ఆయన చెప్తే పొలానికి చల్లే గుళికలు కొంచెం వేసినాం. పురుగులు చచ్చినాయి కానీ ఎద్దు ఆ దినమంతా చొంగ కార్చుకుంటా వణికింది. ఇప్పుడు మళ్ళీ పురుగులు ఉండాయి.
— ఒక రైతు, ఏర్పేడు దగ్గర

జవాబు: అన్నా, దయచేసి ఇంకెప్పుడూ ఆ పని చేయొద్దు. పొలం గుళికలు పురుగుకే కాదు ఎద్దుకీ విషమే, పుండులోంచి నేరుగా రక్తంలోకి పోతాయి. చొంగ, వణుకు ఆ విషం పట్టిన లక్షణాలు. ఆ పుండు నాకిన కుక్క చచ్చిపోతుంది, వేసిన మీ చేతికీ ప్రమాదమే. కిరసనాయిలు, పెట్రోలు, ఫినాయిల్ కూడా వద్దు, పురుగుతో పాటు బతికున్న కండని కాల్చేస్తాయి.

ఈ పురుగు ఎలాంటిదో తెలిస్తే ఎందుకంత తొందరపడాలో అర్థమవుతుంది. మామూలుగా మాంసం మీద వాలే ఈగ పిల్లలు కుళ్ళింది తింటాయి. క్రైసోమియా బెజ్జియానా అనే నీలిపచ్చ ఈగ అలా కాదు, దాని పిల్లలు బతికున్న కండనే తింటాయి. ఆడ ఈగ పుండు అంచున ఒకే విడతలో 150-200 గుడ్ల దాకా పెడుతుంది, ఒక్క రోజులోపే అవి పిల్లలై తల లోపలికి పెట్టి కండలోకి దిగిపోతాయి, 5-7 రోజులు తిని కింద మట్టిలో పడి అక్కడ పొర కట్టుకొని మళ్ళీ ఈగలవుతాయి. ఆ పుండు వాసనకి ఇంకో ఈగ వచ్చి పెడుతుంది. పైకి రూపాయి బిళ్ళంత కనపడే పుండు లోపల పిడికిలంత తొలిచేసి ఉంటుంది, వదిలేస్తే పశువు చచ్చిపోతుంది కూడా.

పుండు చుట్టూ వెంట్రుకలు కత్తిరించండి. టర్పెంటైన్ ఆయిల్‌లో తడిపిన గాజుగుడ్డ పుండులో కాసేపు పెడితే పురుగులకి గాలాడక పైకి వస్తాయి, ఎందుకంటే అవి ఊపిరి పీల్చేది వెనక భాగంతో, అది ఎప్పుడూ పైకే ఉంటుంది. చిన్న పట్టకారుతో ఒక్కొక్కటిగా అన్నీ తీయాలి. తీసినవి కింద పడేయొద్దు, వేడినీళ్ళలో వేసి చంపండి, లేకపోతే మీ దొడ్లోనే ఈగలవుతాయి. తర్వాత పొవిడోన్ అయోడిన్‌తో కడిగి చుట్టూ వేపనూనె రాయండి, మరుసటి రోజు మళ్ళీ విప్పి చూడండి, మొదటి రోజు అన్నీ రావు. పుండు లోతుగా ఉన్నా, కంటి దగ్గర, ముక్కులో, ఈనిన ఆవు మాయ పడే దారిలో ఉన్నా మీరు చేయొద్దు, 1962కి ఫోన్ చేయండి, బండి వస్తుంది. మీ ఎద్దుకి ఇప్పటికే విషం తగిలింది కాబట్టి ఈ ఒక్కసారి డాక్టర్‌కే చూపించండి. మానేదాకా కాడి వేయొద్దు.

ఇంకోటి, ఈ ఉత్తరం చదివే అందరికీ: దూడ పుట్టగానే బొడ్డుకి టింక్చర్ అయోడిన్ రాయండి. బొడ్డులో పురుగులు పడి పోయే దూడలు ఎన్నో, అన్నీ బతకాల్సినవే.

ప్రశ్న: నమస్తే సార్, తిరుపతి వెటర్నరీ కాలేజీలో చేరాలని ఆశ. అమెరికాలో ఈగల్ని ఫ్యాక్టరీలో పెంచి విమానాల్లోంచి వదిలి ఈ పుండు పురుగుని లేకుండా చేశారంట, నిజమేనా? మనదగ్గర ఎందుకు చేయరు?
— ఇంటర్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: నిజమే అమ్మా, నాకు చాలా ఇష్టమైన కథ అది. అక్కడి ఈగ వేరే జాతి, కాక్లియోమియా హోమినివోరాక్స్, కానీ పని ఇదే, బతికున్న కండ తినడం. ఎడ్వర్డ్ నిప్లింగ్, రేమండ్ బుష్‌లాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని ఓపిగ్గా గమనించారు. ఆడ ఈగ సాధారణంగా జీవితంలో ఒక్కసారే జతకడుతుంది. అలాంటప్పుడు రేడియేషన్‌తో సంతానం లేకుండా చేసిన మగ ఈగల్ని లెక్కలేనన్ని వదిలితే, వాటితో జతకట్టిన ఆడవాటి గుడ్లు పొదగవు, అలా తరం తరానికి తగ్గిపోతాయి కదా అని ఆలోచన. 1954లో కురసావ్ అనే దీవిలో చేసి చూస్తే కొన్ని నెలల్లోనే ఈగ మాయమైంది. అమెరికాలో 1966 నాటికి దాదాపు పోయింది, తర్వాత మెక్సికో, అక్కణ్ణుంచి పనామా దాకా తరిమారు. 1988లో అదే ఈగ ఎలాగో లిబియా చేరితే, మెక్సికోలో పెంచిన ఈగల్ని విమానాల్లో తెచ్చి వదిలి అక్కడా తుడిచిపెట్టారు. ఆ ఇద్దరికీ 1992లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది.

కానీ పని అయిపోయిందని వదిలేస్తే కుదరదు, 2023లో పనామాలో కేసులు ఒక్కసారిగా పెరిగి, ఈగ మళ్ళీ ఉత్తరానికి కదిలి 2024 నవంబర్‌లో మెక్సికోలో బయటపడింది. ఇక మనదగ్గర అంటే, వాళ్ళు పెంచే ఈగ మన ఈగతో జతకట్టదు, మన జాతిని ప్రత్యేకంగా కోట్లలో పెంచాలి, చుట్టూ దేశాలన్నీ కలిసి రావాలి. అంతదాకా మనకున్న దారి ప్రతి పుండునీ రోజూ చూసుకోవడమే. నువ్వు తప్పకుండా చేరు తల్లీ, ఈగల మీద పనిచేసేవాళ్ళు మనకి చాలా కావాలి.

ప్రశ్న: లంపీ స్కిన్ (ఆవుల ఒంటి మీద గడ్డలొచ్చే రోగం) ఈగల వల్లే వస్తుందా? ఆ ఆవు పాలు తాగొచ్చా?
— కుప్పం

జవాబు: వచ్చేది వైరస్ వల్ల, మోసేది కుట్టే ఈగలు, దోమలు, పిడుదులు. 1929లో ఆఫ్రికాలోని జాంబియాలో మొదట చూశారు, మన దేశంలో 2019లో ఒడిశాలో బయటపడింది, 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో ఎన్ని ఆవులు పోయాయో మీరూ టీవీలో చూసే ఉంటారు. మనుషులకి రాదు, పాలు బాగా కాచి తాగండి. గడ్డలు కనపడ్డ ఆవుని వేరుగా, వీలైతే దోమతెరలో కట్టేయండి. టీకా రోగం రాకముందే వేయించాలి, ఒక ఆవుకి వాడిన సూది ఇంకో ఆవుకి వాడనివ్వొద్దు, గట్టిగా అడగండి, మొహమాటపడకండి.

ప్రశ్న: చెరువులో మేసొచ్చే మా బర్రెకి జ్వరం వస్తాది, పోతాది, మళ్ళీ వస్తాది. తిండి తింటాది కానీ బక్కచిక్కిపోతా ఉండాది. నిన్న గోడకేసి తల ఆనించి నిలబడింది. జోరీగలు బాగా ఉండాయి చెరువు దగ్గర.
— శ్రీకాళహస్తి మండలం

జవాబు: పత్రిక వచ్చేదాకా ఆగకుండా మీకు ఫోన్‌లోనే చెప్పాం, మిగతావాళ్ళ కోసం మళ్ళీ రాస్తున్నా. ఇది సర్రా అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ట్రిపనోసోమా ఇవాన్సై అనే కంటికి కనపడని జీవి రక్తంలో ఈదుతుంటుంది, 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ పంజాబ్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో దాన్ని కనిపెట్టాడు. జోరీగ కాటు నొప్పికి బర్రె తోక విసిరితే ఈగ సగం తాగి లేచి పక్క బర్రె మీద వాలుతుంది, మూతికి అంటిన రక్తంతోనే రోగం మారుతుంది. జ్వరం ఉన్నప్పుడే రక్తం తీయించి స్లైడ్ చూపించండి, జ్వరం లేనప్పుడు తీస్తే దొరకకపోవచ్చు. మందులున్నాయి, త్వరగా పడితే బర్రె లేస్తుంది, తల గోడకి ఆనించేదాకా వస్తే కష్టం. గుర్రాలకి, కుక్కలకి ఇంకా ప్రమాదం.

మనుషులకి రాదనే అనుకునేవాళ్ళు, కానీ 2004లో మహారాష్ట్రలో ఒక రైతుకి వచ్చింది, ఆయన రక్తంలో దాన్ని చంపే ఒక ప్రోటీన్ లేకపోవడమే కారణమని తర్వాత తేలింది. అంత అరుదు కాబట్టి భయపడొద్దు, బర్రెని దూరం పెట్టొద్దు. జోరీగ పుట్టేది చెరువు అంచు బురదలో, చెరువంతా మందు కొట్టలేం, కొట్టకూడదు కూడా, ఎండ ఎక్కువున్న మధ్యాహ్నం ఆ అంచున మేపకుండా ఇంటి దగ్గర నీడలో కట్టేసి గడ్డి వేయండి.

ప్రశ్న: కార్తీక మాసంలో ప్రతిసారీ మా గొర్రెలకి మూతి వాచి, నాలుక ఉబ్బి, కుంటుతాయి. ఈగలేం కనపళ్ళేదు.
— సూళ్ళూరుపేట

జవాబు: కనపడవు, అంత చిన్నవి. క్యులికాయిడిస్ అనే ఆ చిన్న ఈగలు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లే, తడి పేడలో, బురదలో పుట్టి చీకటి పడే వేళ నుంచి తెల్లారేదాకా కుడతాయి. అవి తెచ్చేది నీలినాలుక రోగం. మీవైపు ఈశాన్య వానలు పడే నెలల్లోనే వస్తుంది కాబట్టి ఐదు రకాల వైరస్‌లకి కలిపి చేసిన టీకాని వానలకి ముందే వేయించాలి, పశువుల ఆసుపత్రిలో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. రోగం వచ్చిన గొర్రెకి నోరు ఉప్పునీళ్ళతో కడిగి, అంబలి, మెత్తటి పచ్చగడ్డి పెట్టండి, నోటి నొప్పికి తినలేక నీరసపడి చచ్చేవే ఎక్కువ. మందని రాత్రిపూట మడుగుల పక్కన, తడి మడుల్లో ఆపకండి, మెరక మీద ఆరిన చోట దొడ్డి కట్టండి.